గోనె కొట్టిన పెట్టెలు

మొదటి దగ్గు ముందు వరసలోంచి వచ్చింది.

బాలస్వామి పట్టించుకోలేదు. అంత జనం కూర్చున్న హాల్లో ఎవరో ఒకరు దగ్గుతారు. అతని చెవులు పాట మీదే ఉన్నాయి. వేదికకి అటు రెండు, ఇటు రెండు, నిలువెత్తు నల్లటి స్పీకరు పెట్టెలు. అతనూ హయాతూ చలికాలమంతా కూర్చుని కోసి, అతికించి, బిగించినవి. జనం మధ్య మోగడం ఇవాళే మొదలు.

పాట ఊపందుకుంది. ఇంకో దగ్గు. వెంటనే ఇంకోటి. వేదిక మీద కొత్త ఓణీలో కూర్చున్న జ్యోతిర్మయి తుమ్మింది. పక్కనున్న మేనత్త తుమ్మింది. ఫొటోలు తీసే అతను కెమెరా దించి కళ్ళు నులుముకున్నాడు.

"వంటింట్లోంచి పొగొస్తోంది," అన్నారెవరో.

బాలస్వామి యాంప్లిఫయర్ల బల్ల వెనక కుర్చీలోకి జారగిలబడ్డాడు. నడుము పట్టేసింది. తెల్లారుజామున గుంటూరులో పెట్టెలు ట్రాలీ ఆటోలోకి ఎక్కించి, ఇక్కడ పొన్నూరు రోడ్డులో దించేసరికే సగం ప్రాణం పోయింది. ఈ ఒక్క మధ్యాహ్నం ఏ గొడవా లేకుండా గడిచిపోతే చాలనుకున్నాడు.

గడవాల్సిన అవసరం కూడా ఉంది.

ఈ హాలు నిరుడు దాకా ధాన్యం గోడౌన్. దాని యజమాని సుబ్బరావమ్మ బస్తాలు ఖాళీ చేయించి, గచ్చు చేయించి, ఫంక్షన్ హాలుగా మార్చింది. పైన రేకులు మాత్రం అలాగే ఉంచింది. ఆ రేకుల కింద గొట్టం మైకులు కడితే మాట పైకి పోయి, తిరిగొచ్చి, వెనక వచ్చే మాట మీద పడి ముద్దయిపోయేది.

"పాట గుండెల్లో కొట్టాలి. పెద్దాళ్ళు లేచి నాలుగు మాటలు చెబితే చివరి వరసకి తెలియాలి. ఆ రెండూ అయ్యాయా, ఈ హాల్లో మైకుసెట్టు ఎప్పటికీ నీదే బాలస్వామీ. లేదా, బెజవాడ నుంచి కంపెనీ పెట్టెలు తెప్పించుకుంటా," అని ముందే చెప్పేసింది.

గుంటూరు మిర్చి యార్డు వెనక సందులో ఉంది బాలస్వామి షెడ్డు. చెక్కపని అతనిది. వైర్లూ కాయిళ్ళూ హయాత్‌వి. ఊళ్ళమ్మట పెళ్ళిళ్ళకి తిరుగుతూనే ఇద్దరి జుట్టూ నెరిసింది. ఈ మధ్య గొట్టం మైకులు చూస్తే పెళ్ళివాళ్ళు నవ్వుతున్నారు. హయాత్‌కి చిలకలూరిపేట దగ్గర స్పిన్నింగ్ మిల్లులో ఎలక్ట్రీషియన్ పని దొరికింది. సోమవారం వెళ్ళి ఏ సంగతో చెప్పాలి.

"ఈ హాలు దొరికితే ఉంటానన్నా. దొరక్కపోతే నన్నాపమాక," అన్నాడు హయాత్.

ఆపనని బాలస్వామి మాటిచ్చాడు. హయాత్ లేకపోతే షెడ్డు లేదు. ఆ సంగతి ఇద్దరూ పైకి అనుకోలేదు.

కంపెనీ పెట్టెలు కొనే తాహతు వాళ్ళకి లేదు. పాత ప్యాకింగు ప్లైవుడ్డు తెచ్చి రెండేసి పొరలు అతికించారు. ఢిల్లీ నుంచి వచ్చే పేరు లేని స్పీకర్లు బిగించారు. పెట్టె అడుగున చెయ్యి దూరేంత కన్నం పెట్టారు. స్పీకరు కొట్టుకున్నప్పుడల్లా లోపలి గాలి ఆ కన్నంలోంచి బయటికి తన్నుతుంది. గుండెల్లో కొట్టేది ఆ గాలే. ఇక లోపలి గోడలకి మెత్తటిదేదైనా కొట్టాలి. లేకపోతే పెట్టె ఖాళీ డబ్బాలా మోగుతుంది, మాటలు కలిసిపోతాయి. కంపెనీవాళ్ళు స్పాంజి కొడతారు. యార్డు వెనక బతికేవాళ్ళకి ఊరికే దొరికేది గోనె. చిరిగిన బస్తాలు తెచ్చి, దులిపి, మేకులు కొట్టారు.

షెడ్డులో మోగించి చూసుకున్నారు. పాట మోగింది, మాట విడిగా వినిపించింది. ఇద్దరూ బాగా తుమ్మారు కూడా. మార్చి నెలలో యార్డు వెనక తుమ్మనివాడెవడు? బస్తా దించితే తుమ్ము, లారీ కదిలితే తుమ్ము. అక్కడ తుమ్మితే ఎందుకని ఎవరూ అడగరు.

పాట అయిపోయింది. జ్యోతిర్మయి తాత ఆదెయ్య మైకు పట్టుకున్నాడు. బక్కమనిషి, గొంతులో వణుకు.

"మా మనవరాలి కోసం ఎండన పడి వచ్చారు. మీ కాళ్ళకి దణ్ణం. పిల్ల చదువుకుంటానంటోంది. చదివిస్తాం. అలాగే దీవించండి."

ఒక్కొక్క మాటా గింజ రాలినట్టు విడివిడిగా హాలంతా వెళ్ళింది. చివరి వరసలో కర్ర పట్టుకుని కూర్చున్న ముసలామె తలాడించి, కూర్చున్నచోటునుంచే చెయ్యెత్తి దీవించింది. బాలస్వామి అది చూశాడు. ఒంట్లో బరువు కాస్త దిగినట్టనిపించింది.

ఇంకో సంగతి కూడా గమనించాడు. ఆదెయ్య మాట్లాడినంతసేపూ ఎవరూ దగ్గలేదు.

హయాత్ మళ్ళీ పాట పెట్టాడు. డోలు దెబ్బ పడింది. ముందు వరస మొత్తం దగ్గింది.

"ఇక లాభం లేదు," అంటూ సుబ్బరావమ్మ లేచి వంటింటివైపు నడిచింది.

బాలస్వామి పెట్టె దగ్గరికి వెళ్ళాడు. వేదిక ముందు పరిచిన తెల్లగుడ్డ మీద, కన్నానికి ఎదురుగా, విసనకర్ర ఆకారంలో ఎర్రటి నూగు పరుచుకుని ఉంది. రెండో పెట్టె ముందూ అంతే. వేలితో తీసి నాలిక మీద వేసుకున్నాడు. ఏమీ చురుక్కుమనలేదు. అతని నాలిక ఆ పని మానేసి చాలా కాలమైంది. కంటి కొసకి రాసుకున్నాడు. కన్ను భగ్గుమంది.

నీళ్ళు కారుతున్న కంటితోనే బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఒరేయ్, పాట ఆపు."

"ఏమైందన్నా?"

"గోనెరా. కారం మన పెట్టెల్లోంచే వస్తోంది. డోలు కొట్టినప్పుడల్లా జనం మొహాన చల్లుతున్నాం."

హయాత్ పాట ఆపలేదు. చెయ్యి మీట మీద పెట్టి, బేస్ సగానికి దించాడు.

"ఇప్పుడు రాదు. సాయంత్రం దాకా ఇలాగే లాగిద్దాం. రేపు షెడ్డుకెళ్ళి పీకేద్దాం. ఎవడికి తెలుస్తుంది?"

"ఆవిడ జాన్ బాషా మీదికి పోయింది."

"పోనీ అన్నా. వంటవాడికి ఇంకో ఫంక్షన్ దొరుకుద్ది. మనకి ఇంకో హాలు దొరకదు. తర్వాత నీ ఇష్టం."

హయాత్ చెప్పిందాంట్లో తప్పేం లేదు. కుర్చీ అక్కడే ఉంది. కూర్చుంటే సరిపోతుంది. బాలస్వామి కుర్చీ వంక చూసి, వంటింటివైపు కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళాడు.

"తాలింపు పెట్టి ఎంతసేపైందో పనోళ్ళనే అడగండమ్మా," అంటున్నాడు జాన్ బాషా. "పొయ్యి మీద అన్నం తప్ప ఏం లేదు. అన్నం ఘాటొస్తదా?"

"నాకు కథలు చెప్పమాక. ఆ పిల్ల మొహమంతా కాటుక కారింది. నిండు ఫంక్షన్‌లో నా హాలు పరువు తీశావు. గరిటె కింద పెట్టి నడువు."

"ఘాటు వంటలోది కాదండి," అన్నాడు బాలస్వామి.

ఇద్దరూ తిరిగి చూశారు.

"మా పెట్టెల్లోదండి. లోపల కొట్టిన గోనె మిర్చి బస్తాలది. దులిపాం గానీ పోలేదు. మా షెడ్డు దగ్గర ఎప్పుడూ ఘాటే, మాకు తేడా తెలియలా."

సుబ్బరావమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది.

"కారం బస్తాలు మడిచి నా హాల్లో పెట్టావా?"

"అవునండి."

"ఏరా స్వామీ," అన్నాడు జాన్ బాషా గరిటె ఊపుతూ, "ముందే చెబితే కూరలో కారం వెయ్యకుండా గిన్నె నీ పెట్టె ముందు పెట్టేవాణ్ణి కదరా."

సుబ్బరావమ్మకి నవ్వు రాలేదు. "బాషా, వడ్డనలు మొదలెట్టు. నువ్వు, భోజనాలు అయ్యేలోపు ఆ చెత్తంతా పీకెయ్. తర్వాత ఒక్కడు దగ్గినా నీ పెట్టెలు రోడ్డు మీద ఉంటాయి."

పెట్టెల్ని పెరట్లోకి ఈడ్చి, వెనక చెక్కలు విప్పారు. హయాత్ మూతికి తువ్వాలు కట్టుకుని, మేకులు పీకుతున్నాడు. ఎండ మాడుస్తోంది. గోనె పోయాక తడిగుడ్డతో లోపలంతా తుడిచారు. బకెట్లో నీళ్ళు ఎర్రబడ్డాయి. మళ్ళీ కొట్టడానికి మెత్తటిదేం లేదు. ఉత్త చెక్కతోనే మూసేసి లోపలికి మోసుకొచ్చారు.

"డబ్బా సౌండొస్తది," అన్నాడు హయాత్. అప్పటిదాకా అతను అన్న మాట అదొక్కటే.

పాట పెట్టారు.

పెట్టెలు బొయ్యిమన్నాయి. ధన్ ధన్‌మని మోత, దాని వెనక దాని ప్రతిధ్వని, రేకులు కూడా కలిసి గిలక్కాయల్లా కొట్టుకున్నాయి. ఏ వాయిద్యమేదో తెలియడం లేదు. బాలస్వామి తల దించుకున్నాడు.

కుర్రాళ్ళు ఈల వేశారు. విస్తళ్ళ ముందునుంచి లేచొచ్చి ఎంగిలి చేతులతోనే ఎగిరారు. జ్యోతిర్మయి మేనత్త కూడా చెంగు దోపుకుంది. ఒక్కరూ దగ్గలేదు.

సుబ్బరావమ్మ బల్ల దగ్గరికి వచ్చింది. మొహం విప్పారింది.

"ఇదీ సౌండంటే! ఇందాకే ఇలా పెట్టడానికేం రోగం నీకు? సర్లే, మాట మాటే. హాలు నీదే. వచ్చే నెల పెళ్ళి ఉంది, ఇలాగే మోగాలి."

హయాత్ బాలస్వామి వైపు చూశాడు. బాలస్వామి ఆమెకి చేతులు జోడించాడు. సంతోషపడాలనే అనుకున్నాడు గానీ, దానికీ ఓపిక కావాలి.

జనం సర్దుకున్నాక ఆదెయ్య మళ్ళీ మైకు తీసుకున్నాడు. వెళ్ళేవాళ్ళకి ఏదో చెబుతున్నాడు. గొంతు పెట్టెల్లో దొర్లి, రేకులకి తగిలి, ఒకటే హోరుగా కిందికి దిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. చివరి వరసలో ముసలామె చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని పక్కామెని అడిగింది. పక్కామె తెలియదన్నట్టు పెదవి విరిచింది. ముసలామె కాసేపు అటే చూసి, కర్ర అందుకుంది.

బాలస్వామి లేచాడు.

"అమ్మా, విడిది గదిలో చిరిగిన పరుపొకటి చూశాను. దూది బయటికొచ్చేసింది. అది ఇప్పించండి."

"ఎందుకూ?"

"పెట్టెల్లో కొడతానండి. మాట తెలియడం లేదు."

"అందరూ చప్పట్లు కొడుతుంటే తెలియడం లేదంటావేంటయ్యా?"

"ఇవాళ కొట్టారండి. వచ్చే పెళ్ళిలో ఏం చెప్పారని అడుగుతారు."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. "పట్టుకుపో. నాకా పరుపుతో పనిలేదు. మోత మాత్రం తగ్గకూడదు."

విడిది గదిలో పరుపుని ఒక పక్క పట్టుకుని లేపబోయాడు. నడుము ఒప్పుకోలేదు. రెండో పక్క హయాత్ వంగాడు.

"సోమవారం మిల్లుకి వెళ్ళాలిగా నువ్వు," అన్నాడు బాలస్వామి.

"వెళ్ళాలి. రానని చెప్పిరావాలిగా." హయాత్ పరుపు కొసని ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాడు. "ఏం వాసనొస్తందో నాకైతే తెలీటంలా. జాన్ బాషాని పిలిచి చూపిద్దామా?"

"పిలువు," అన్నాడు బాలస్వామి, పరుపు మీదే కూలబడి.