మరకి తొలి గుప్పెడు

బెల్టు తిరగగానే తాతారావు ఎప్పటిలాగే గుప్పెడు గోధుమలు కళ్లకద్దుకుని మర నోట్లో పోశాడు. అరకు సంత వీధిలో ఈ పిండిమర పెట్టిన రోజున, కొత్త పెళ్లికూతురిగా వచ్చిన భార్య రత్నాలు పోయించిన గుప్పెడు అది. ఆ ఏడంతా బెల్టు ఒక్కసారీ తెగలేదు. ముప్పై ఏళ్లుగా అదే ఆచారం. అప్పుడు పిండితో తెల్లబడిన అతని కనుబొమలు ఇప్పుడు కడిగినా తెల్లగానే ఉంటున్నాయి.

సంత రోజున అందరికంటే ముందు వచ్చేది కనక. కొండమీద కాఫీ పళ్లు కోసే మనిషి. ఆమెకు సీలియాక్ జబ్బు ఉందనీ, గోధుమ రవ్వంత కడుపులో పడినా పేగులు పాడై కీళ్లు వాస్తాయనీ విశాఖ డాక్టరమ్మ చెప్పింది. తాతారావు రోజూ రాత్రి రాళ్లు విప్పి తోమి మరీ మర కట్టేస్తాడు. అందుకే ఇంకెవరి గోధుమలూ పడకముందే కనక తన చోళ్లు, అంటే రాగులు, ఆడించుకుంటుంది. అయినా వేళ్ల వాపు తగ్గలేదు. వచ్చే నెల కోత. వేళ్లు ముడవకపోతే మేస్త్రి ఇంకొకరిని పెట్టుకుంటాడు.

కనక ఎప్పుడూ అరుగు మీదే నిలబడేది. ఇవాళ జల్లు పడుతోందని లోపలికి వచ్చింది.

"అదేటి పోసినావు మావా?"

"మరకి తొలి గుప్పెడే."

"గోదుములా?"

"అవును, ముప్పై ఏళ్ల నుంచి..." తాతారావు చూపు ఆమె వాచిన వేళ్ల మీద పడింది. ప్రతి వారం, ఆమె సంచికి ముందు, తన చేత్తోనే!

మర ఆపేశాడు. ఆచారం మానాలంటే మనసొప్పలేదు. రత్నాలుకి ఫోన్ చేశాడు.

"గోదుములే కావాలని మర ఎప్పుడైనా అడిగినాదేటి? సోళ్లు పొయ్యండి, బేగి!"

రాళ్లు విప్పి బ్రష్షుతో తోమాడు. పిండి రాలే సంచిగుడ్డ మార్చాడు. ఇంట్లోని చోళ్లు రెండు కిలోలు ముందుగా ఆడించి, ఆ పిండి కోళ్లకు వేశాడు. గోధుమల మూటతో నిలబడ్డ జగదీష్‌కి ఓపిక నశించింది.

"ఏటి మావా, మరకి తలంటు పోత్తన్నావా?"

"పెళ్లిరా! నువ్వు అచ్చింతలట్టుకుని నిలబడు."

కనక వాచిన వేళ్లతో నోరు మూసుకుని పకపకా నవ్వింది. తాతారావు ఆమె సంచిలోంచే గుప్పెడు చోళ్లు తీసి కళ్లకద్దుకున్నాడు. వెచ్చటి పిండి, తడిసిన మట్టి వాసనతో జలజలా రాలింది.

"ఇక తొలి గుప్పెడు ఎప్పుడూ సోళ్లే. వాపు తగ్గుద్దంటావా?"

"నెల్లాళ్లు సూసి సెప్తాను మావా."

జల్లు వెలిసింది. కనక మూట తలకెత్తుకుని కొండదారి పట్టింది. జగదీష్ తెచ్చిన మూట తూచబోయి తాతారావు ఆగాడు. కాటా పళ్లెంలో కనక పెట్టి వెళ్లిన అడ్డాకు పొట్లం, అందులో తేనెపట్టు ముక్క. దాని మీద ఒక తేనెటీగ, కాళ్లనిండా పిండి పూసుకుని, తీరిగ్గా నడుస్తోంది.