ఎదుటి కుర్చీ

కంప్యూటర్ల మీద దుమ్ము తరవాత. ముందు కుర్చీ.

మాస్టారు జేబులోంచి పాత గుడ్డ తీసి కుర్చీ వీపు తుడిచాడు, చేతులు తుడిచాడు, వంగి కాళ్ళు కూడా తుడిచాడు. ఒక కాలు కాస్త పొట్టి. దాని కింద మడిచిపెట్టిన అట్టముక్క చోటులో ఉందో లేదో చూసుకున్నాడు. కూర్చునే చోట చెక్క నునుపుదేలి, ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు పల్లం పడి ఉంది. దాన్ని గది ముందుకి జరిపి, పిల్లల బల్లలకి ఎదురుగా పెట్టి, అప్పుడు వెళ్ళి కిటికీలు తెరిచాడు. చేతిలోని క్యారియర్ కిటికీ గట్టు మీద పెట్టాడు.

ఆయన పొట్టి మనిషి. ఎంత ఎండ కాసినా చొక్కా చేతులు మణికట్టు దాకా గుండీ పెట్టుకునే ఉంటాయి. మాట పొదుపు. వేళ్ళు మాత్రం పొడుగు, టైపు మిషన్ల మీద పెరిగిన వేళ్ళు. కీబోర్డు మీద పడ్డాయంటే రేకుల కప్పు మీద వాన పడ్డట్టే.

ఈ శిక్షణ కేంద్రంలో ఆయన చేరింది టైపు నేర్పడానికి. టైపు మిషన్లు పాత ఇనుము బండెక్కిన రోజున, వాటితోపాటు ఈయన్ని కూడా ఎక్కించేస్తారని అందరూ అనుకున్నారు. ఆయన బండి వెనకాలే గేటు దాకా నడిచి, టైపు గది కుర్చీ ఒకదాన్ని దింపించుకుని, భుజాన వేసుకుని వెనక్కి వచ్చాడు. కంప్యూటర్లు వచ్చాక, తను టైపు నేర్పిన పిల్లల దగ్గరే కంప్యూటర్ నేర్చుకున్నాడు. మొట్టమొదటి మెయిలు భార్యకి పంపాడు.

"మెయిలు పంపాను, చూడు" అని ముందుగదిలోంచి కేక వేశాడు.

"పొయ్యి మీద పాలున్నాయి. అదేదో నోటితో చెప్పండి" అని వంటింట్లోంచి జవాబు వచ్చింది.

ఆయన లేచి వెళ్ళి చెప్పాడు. ఏం చెప్పాడో గానీ పాలు పొంగిపోయాయి.

పొద్దున బయల్దేరేటప్పుడు ఆవిడే క్యారియర్ చేతికిస్తూ హెచ్చరించింది. క్యారియర్ మరిచిపోయి రావడం ఆయనకి పుట్టుకతో వచ్చిన విద్య. "ఇవాళ మరిచిపోతే రేపు తెచ్చుకుంటాననడానికి రేపు లేదు. ఒట్టి చేతులతో వచ్చారో, గుమ్మంలోంచే వెనక్కి పంపిస్తాను."

రేపు లేదు నిజమే. ఇవాళ్టితో ఉద్యోగం ఆఖరు. పిల్లలకి ఆయన చెప్పలేదు. చెబితే ఏడుపులూ ఫొటోలూ. ఆయనకి పడవు.

పిల్లలు వచ్చేశారు. ఈ గదిలో ఆయన నేర్పేది ఇప్పుడు ఒకటే, మెయిలు రాసే మర్యాద. కరెంటు పని నేర్చేవాళ్ళు, కళ్ళజోళ్ళ పని నేర్చేవాళ్ళు, ఎవరైనా సరే, ఉద్యోగానికి పోయే ముందు ఇక్కడికి రావాల్సిందే.

"మెయిలంటే?" అన్నాడు మాస్టారు.

"ఒకరి గదిలోకి వెళ్ళడం!" క్లాసంతా ఒక్క గొంతు.

"వెళ్ళి?"

"తలుపు కొట్టాలి. నమస్కారం చెప్పాలి. ఎవరమో చెప్పాలి. వచ్చిన పని చెప్పాలి. థాంక్స్ చెప్పి, తలుపేసి రావాలి!"

"అడ్రసు?"

"ఆఖర్న!"

ఈ కుర్చీ పాఠం ఎలా పుట్టిందంటే, ఒకసారి ఒక కుర్రాడు ఆయనకి మెయిలు చేశాడు. పేరు లేదు, పలకరింపు లేదు, "మార్కులు పంపు" అని అంతే. మాస్టారు కోప్పడలేదు. మర్నాడు తను కుర్చీలో కూర్చుని, వాణ్ణి బయటికి పంపి, రాసింది రాసినట్టే లోపలికొచ్చి చెప్పమన్నాడు. వాడు తలుపు తోసుకుని వచ్చాడు, నోరు తెరిచాడు, మాస్టారి మొహం చూశాడు, చెమట తుడుచుకుంటూ వెనక్కి పోయాడు. ఆ రోజు నుంచి రాసిన ప్రతి మెయిలూ కుర్చీకి చదివి వినిపించాకే పంపాలి. ఖాళీ కుర్చీయే. అందులో ఎవరు కూర్చున్నారో రాసినవాడికి తెలుసు.

అందులోనూ ముందు వేడి మెయిలు, తరవాత చల్ల మెయిలు. "కడుపులో మంట ఉంటే కుర్చీ మీద పోయండి. అదేం అనుకోదు" అంటాడు మాస్టారు. వేడిది చదివి, నవ్వుకుని, చెరిపేసి, చల్లది రాయాలి. అడ్రసు ఆఖర్న పెట్టమనేది అందుకే. కాలు జారితే లేవచ్చు, నోరు జారితే లేవలేం.

ఇవాళ తొందర వంతు. కళ్ళజోళ్ళ పని నేర్చే పిల్ల. ప్రశ్న సగంలో ఉండగానే జవాబు చెప్పేస్తుంది, చెప్పులు కుడి ఎడమలు మార్చి వేసుకొస్తుంది, అందుకే ఆ పేరు. ఊళ్ళో పెద్ద కళ్ళజోళ్ళ దుకాణం యజమానురాలు సోమవారం నుంచి పనిలోకి తీసుకుంటానని నోటిమాటగా అంది. తరవాత పిల్ల రెండుసార్లు రాస్తే ఉలుకూ పలుకూ లేదు. ఆ పని దొరక్కపోతే అక్క వెంట ఫ్యాక్టరీలో గుండీలు కుట్టడానికి పోవాలి. పెంచిన అక్కకి అది ససేమిరా ఇష్టం లేదు. "నా నడుం వంగింది చాలు, నువ్వు నిటారుగా కూర్చునే పని చెయ్యి" అని ఆమె కోరిక.

తొందర ఫోను పట్టుకుని లేచి, కుర్చీ ముందు నిలబడి, గొంతు సవరించుకుని చదివింది.

"కళ్ళజోళ్ళమ్మగారూ! రమ్మన్నది మీరు. రెండుసార్లు రాశాను. లోకంలో అందరికీ కళ్ళజోళ్ళు పెడతారు కదా, నా మెయిలు కనబడ్డానికి మీరే ఒకటి పెట్టుకోకూడదా? ఉంటే ఉందనండి, లేకపోతే లేదనండి. ఆ రెండు ముక్కలకి అద్దాలు కూడా అక్కర్లేదు!"

క్లాసు గొల్లుమంది. కరెంటు పని కుర్రాడు బల్ల మీద చరిచి, "మాస్టారూ, కుర్చీ కళ్ళు తుడుచుకుంటోంది!" అన్నాడు. మాస్టారి మీసం కూడా కొంచెం కదిలింది.

తొందర కులాసాగా వెళ్ళి చెరపడానికి కూర్చుంది. కూర్చుని, అలాగే ఉండిపోయింది.

"మాస్టారూ..."

"ఊఁ."

"వెళ్ళిపోయింది."

"ఏది?"

"వేడిది."

కరెంటు పని కుర్రాడు బల్ల మీంచి చెయ్యి తీసేశాడు.

"అడ్రసు?" అన్నాడు మాస్టారు.

"ముందే పెట్టేశా. ఎలాగూ పెట్టాలి కదా అని..."

తలా ఒక సలహా ఇచ్చారు. "ఎవరో నీ ఫోను కొట్టేశారని రాయవే." "మా తమ్ముడు నొక్కాడని రాయి." "దానికి తమ్ముడెక్కడున్నాడ్రా?" "నేనున్నాగా, ఇవాళ్టికి నేనే తమ్ముణ్ణి!"

మాస్టారు కుర్చీని ఈడ్చుకొచ్చి సరిగ్గా తొందర ఎదురుగా వేశాడు.

"ఆవిడ వచ్చి కూర్చుంది. ఇందాకటిది విన్నది. ఇప్పుడేం చెబుతావు?"

పిల్ల కుర్చీ వంక చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తప్పయిపోయిందంటాను."

"రాయి."

"ఇంకా?"

"జరిగింది."

"జరిగిందంటే కుర్చీ సంగతి కూడా రాయాలి మాస్టారూ. కుర్చీతో మాట్లాడే పిచ్చిదాన్ననుకుంటుంది."

"అనుకోనీ. పిచ్చిదానికి పని దొరుకుతుంది. అబద్ధాలదానికి దొరకదు."

తొందర రాసింది. జీవితంలో మొదటిసారి నిదానంగా రాసింది. చదివి వినిపించింది. "అమ్మగారికి నమస్కారం. నేను మీ దగ్గర పనికి రావలసిన అమ్మాయిని. ఇందాకటి మెయిలు నేనే రాశాను. మా మాస్టారి క్లాసులో కోపాన్ని ముందు ఒక కుర్చీకి చదివి, చెరిపేస్తాం. చెరపాల్సిందాన్ని నేను పంపేశాను. అది కోపం కాదండీ, భయం. మీరు వద్దంటారేమోనని భయం. క్షమించండి. ఇది చదివినందుకు థాంక్స్."

ఎవరూ నవ్వలేదు. అడ్రసు ఆఖర్న పెట్టింది. "మీరు నొక్కండి మాస్టారూ, నా చెయ్యి మంచిది కాదు" అంది.

"నీ చెయ్యే నొక్కాలి."

నొక్కింది.

భోజనాల వేళ అందరూ పోయినా తొందర పోలేదు. ఫోను చూడ్డం, బోర్లించడం, మళ్ళీ తిప్పి చూడ్డం. మాస్టారు క్యారియర్ విప్పి పై గిన్నె ఆమె ముందుకి తోశాడు.

"తిను. ఆకలి మీద చదివితే మంచి మాట కూడా తిట్టులాగే కనబడుతుంది."

జవాబు కోసం చూడ్డమంటే ఏమిటో ఆయనకి తెలుసు. వయసులో ఉండగా పైఉద్యోగానికి అర్జీ పెట్టాడు. మళ్ళీ పెట్టాడు. కాదని కూడా ఎవరూ అనలేదు. అప్పటినుంచి ఆయనకి మెయిలు రాసి, జవాబు అందుకోని విద్యార్థి లేడు. "చేరింది" అని ఒక్క ముక్కయినా సరే, పంపి తీరతాడు.

"రేపు కూడా రాకపోతేనో?" అంది తొందర, నోట్లో ముద్దతో.

"వచ్చినా రాకపోయినా కుర్చీకి చెప్పు. అది ఇక్కడే ఉంటుంది."

పిల్ల తలూపింది. అందులో ఇంకేదైనా ఉందని వెతికే ఓపిక ఆమెకి లేదు. అదే మంచిదనుకున్నాడాయన.

సాయంత్రం క్లాసులు అయిపోయాయి. తొందర అక్కకి ఫోను చేసుకోడానికి వరండా చివరికి పోయింది. ఆఫీసు గుమాస్తా తాళాల కోసం వచ్చి గుమ్మంలో నీళ్ళు నమిలాడు. వాడూ ఒకప్పుడు ఈ కుర్చీకి చదివి వినిపించినవాడే. మాస్టారికి ఆఫీసు నుంచి వచ్చిన ఆఖరి మెయిలు వాడే రాశాడు. "రేపటి నుంచి రానవసరం లేదు. తాళాలు అప్పగించవలెను."

"నమస్కారం ఏదిరా?" అన్నాడు మాస్టారు.

గుమాస్తా నేల చూశాడు. "పెట్టి చూశాను మాస్టారూ. పైన మీకు నమస్కారం పెట్టి కింద ఇక రావద్దని రాయడానికి చెయ్యి రాలేదు. తీసేశాను."

మాస్టారు వాడి వీపు మీద చెయ్యి వేసి, ఒకసారి తట్టి, తీసేశాడు.

"పోనీ ఓ కేకు అయినా కోయించనిచ్చారు కాదు."

"పళ్ళు నొప్పి."

"మీకున్నవే నాలుగు పళ్ళు!"

"నాలుగూ నొప్పే."

మాస్టారు క్యారియర్ కుర్చీలో పెట్టి, గదంతా తిరిగి కంప్యూటర్లూ ఫ్యాన్లూ ఆపాడు. తాళాలు గుమాస్తా చేతిలో పెట్టి, "ఆ పిల్ల వెళ్ళాకే వెయ్యి" అన్నాడు. ఇద్దరూ కిందికి దిగారు. కావలసిన చోట సంతకం పెట్టి, గేటు దాకా వచ్చాక చేతికి ఏదో వెలితి తోచింది. చూసుకుంటే ఒట్టి చెయ్యి.

గుమ్మంలో నిలబడ్డ భార్య కళ్ళ ముందు మెదిలింది. గిరుక్కున వెనక్కి తిరిగి, రొప్పుతూ మెట్లెక్కాడు.

తలుపు ఓరగా వేసి ఉంది. తోయబోతుంటే లోపల బల్ల మీద టకటకా కొట్టిన చప్పుడు, ఎవరో తలుపు కొడుతున్నట్టు.

"నమస్కారం మాస్టారూ. నేను తొందరని. జవాబొచ్చింది, అది చెబుదామని వచ్చాను."

సందులోంచి చూశాడు. పిల్ల ఖాళీ కుర్చీ ముందు నిటారుగా నిలబడి ఫోను చూసి చదువుతోంది.

"అమ్మాయీ, నీ మొదటి రెండూ చేరాయి. చిన్న అక్షరాలు నా కళ్ళకి ఆనక, తీరిగ్గా చూద్దామని పక్కన పెట్టాను. ఊరందరికీ అద్దాలు అమర్చే నాకు నా జోడు మార్చుకోడానికి తీరలేదు. మూడోది మా పనివాళ్ళందరికీ చదివి వినిపించాను, ఇంకా నవ్వుతున్నారు. నాలుగోది ఎవరికీ వినిపించలేదు. సోమవారం రా. ముందు నా కళ్ళే పరీక్ష చెయ్యి."

మాస్టారి చెయ్యి తలుపు మీదే ఉంది. ఒకరు మాట్లాడుతుండగా మధ్యలో జొరబడకూడదు. అది ఆయన నేర్పిన పాఠమే. చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

"థాంక్స్ మాస్టారూ" అంది పిల్ల కుర్చీతో. కాస్త ఆగి, "క్యారియర్ మరిచిపోయారు. రేపు దానికోసమైనా వస్తారుగా, అప్పుడు మళ్ళీ చదువుతా" అంది. కుర్చీలోని క్యారియర్‌ని పడిపోకుండా పల్లంలోకి సర్దింది.

మాస్టారు చప్పుడు కాకుండా మెట్లు దిగాడు. దిగుతూ దిగుతూ భార్యకి ఏం చెప్పాలో కూర్చుకోవడం మొదలుపెట్టాడు. ముందు నమస్కారం. తరవాత జరిగింది. ఆవిడ ఎలాగూ సగంలోనే నవ్వేస్తుంది.

పైన గదిలో, కిటికీలోంచి పడే సాయంత్రపు ఎండలో, కుర్చీ పల్లంలో నిటారుగా కూర్చుని ఉంది మూత సొట్టపోయిన క్యారియర్.