రెండూ యాభైకి వెళ్ళిపోయే నీడ

థోర్న్‌బెక్‌లో గడియారం చూసేవాళ్ళు తక్కువ. మధ్యాహ్నం రెండూ యాభైకి ప్రైమరీ స్కూలు గేటు తీసుకుని హెడ్‌మిస్ట్రెస్ గిలియన్ నీడ బయటికొస్తుంది. అది చూసి పోస్టాఫీసులో ఐరిస్ టీకి నీళ్ళు పెడుతుంది. పబ్బు యజమాని కునుకు లోంచి లేస్తాడు. తాను పడుకోనేలేదంటాడు గానీ, చెంప మీద దిండు చారలుంటాయి. నీడ వాగు మీది వంతెన దాటి టీ కొట్టు ముందు బెంచీ మీద కూర్చుంటుంది. మబ్బు రోజుల్లో కనబడదు, గేటు చప్పుడు మాత్రం వేళకే వినబడుతుంది. మా యార్క్‌షైర్‌లో మబ్బు రోజులే ఎక్కువ కాబట్టి అందరికీ చప్పుడే అలవాటు.

గిలియన్ మాత్రం ఆరింటిదాకా బడిలోనే ఉంటుంది, నీడ లేకుండా.

బడి మూడున్నర వరకు. ముందు హెడ్మాస్టరు డెస్మండ్‌కి ఇచ్చిన జీతంతో పోలిస్తే ఈవిడ జీతం రెండూ యాభై దాకానే సరిపోతుంది. నీడ అంతవరకే పనిచేస్తుంది. డెస్మండ్ రోజుల్లో ఇంకో రకం. ఆయన రెండింటికే గేలం పట్టుకుని వాగుకు పోతే, ఆయన నీడ మూడున్నర దాకా కుర్చీలో కదలకుండా కూర్చునేది. మంచి నీడ. సంతకాలు కూడా అదే పెట్టేదంటారు, నేను చూడలేదు. ఇక వంట చేసే డోరీన్ జీతం స్కూలు ఊడ్చే క్లిఫ్ జీతం పక్కన పెడితే పన్నెండూ ముప్పావుకే అయిపోతుంది. కస్టర్డ్ పొయ్యి దిగకముందే ఆమె నీడ వెళ్ళిపోతుంది.

ఏటా అక్టోబరులో పాలక సంఘం హెడ్ జీతం తేలుస్తుంది. ఏటా గిలియన్ "డెస్మండ్ గారికిచ్చినంత నాకూ ఇవ్వండి" అని అద్దం ముందు సాధన చేసి వెళ్తుంది. ఆ మాట నోటిదాకా వచ్చి ఇంకోటిగా మారిపోతుంది. ఒక ఏడు పైకప్పు అడిగింది, వేశారు. ఇంకో ఏడు బాయిలరు. ఆరేళ్ళలో బడి పెళ్ళికూతురిలా తయారైంది. ఆవిడ కోటు మాత్రం అదే. ఈసారీ అడగలేకపోతే వసంతానికి మానేస్తానని డోరీన్‌తో అంది. ఎవరికీ చెప్పనని డోరీన్ ఒట్టేసింది. అంటే ఊరంతటికీ తెలుసు.

సమావేశాలు ఎప్పుడూ రాత్రి ఏడింటికి. ఈసారి అధ్యక్షుడు విల్ఫ్ అంబ్లర్ సాయంత్రం పొట్టేళ్ళ వేలానికి వెళ్ళాలి, అందుకని రెండింటికే బడిలో పెట్టాడు. అక్టోబరులో ఆయనకు పొట్టేలు తరవాతే మనుషులు.

ఆ రోజు ఎండ కూడా కాసింది. కంచె రంగు గురించి నలభై నిమిషాలు కొట్టుకున్నాక అంబ్లర్ కాగితం తిప్పాడు.

"గిలియన్ తల్లీ, నీ జీతం. పోయినేడు లాగే ఉంచేద్దామా? నీకేం, బడి కోసమే పుట్టినదానివి."

"డెస్మండ్ గారికి..." అంది గిలియన్. గొంతు సవరించుకుంది. "డెస్మండ్ గారి కాలం నాటి కుళాయిలు..."

అప్పుడే గోడ మీద ఆవిడ నీడ లేచి, కొక్కేనికున్న కోటు నీడ తొడుక్కుంది.

"కూర్చో, కూర్చో. ఇంకా అవలేదు," అన్నాడు అంబ్లర్ దానితో.

నీడ తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి గిలియన్ కోసం ఆగింది. ఆరేళ్ళలో అది ఆగడం అదే మొదలు.

గిలియన్ కలానికి మూత పెట్టింది. "దాని వేళయింది, విల్ఫ్ గారూ. నేనూ దాంతోనే వెళ్తున్నాను."

"మరి స్కూలో?"

"సంఘంలో మీరు ఐదుగురున్నారుగా. ఒక్క మనిషి పనే."

ఇద్దరూ టీ కొట్టు ముందు కూర్చుని స్కోన్ రొట్టెలు తిన్నారు. నీడ జామ్ ఎక్కువ వేసుకుంది.

బడిలో ఈలోగా ఒక పిల్లాడు ముక్కులో బఠాణీ ఇరికించుకున్నాడు. బడి బస్సు పిల్లలతో పొరుగూరికి పోయింది. ఒక తల్లి తన కొడుకు ఎడమకాలి బూటు ఏదని గంటసేపు కేకలేసింది. బాయిలరు ఆగింది. అంబ్లర్ బఠాణీ తీసేసరికి ఆయన కన్నేసిన పొట్టేలును పక్క లోయవాడు కొనుక్కుపోయాడు.

ఆరింటికి అంబ్లర్ చెవిదాకా జరిగిన టైతో టీ కొట్టు దగ్గరికి వచ్చాడు. "డెస్మండ్‌కిచ్చినంతే, తల్లీ. ఆరేళ్ళదీ కలిపి. ఒక్కసారి అడిగి ఉంటే ఎప్పుడో ఇచ్చేవాళ్ళం కదా."

"ఇది రోజూ అడుగుతూనే ఉంది," అంది గిలియన్ నీడను చూపించి. "మీరంతా గడియారాలు సరిచేసుకున్నారు."

మర్నాడు రెండూ యాభైకి గేటు చప్పుడవలేదు. ఐరిస్ టీ లేక కూర్చుంది, పబ్బు సాయంత్రం దాకా తెరుచుకోలేదు. మూడున్నరకు గిలియన్, ఆవిడ కాళ్ళకు అంటుకుని నీడా, కలిసే బయటికొచ్చారు. వసంతం ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఆ వారమే అంబ్లర్ బడికి భోజనానికొచ్చాడు. డోరీన్ ఆయన కంచంలో గరిటెడు ఎక్కువే వడ్డించింది.

"వచ్చే సమావేశం ఎన్నింటికి, అంబ్లర్ గారూ?"

"ఇకనుంచి రాత్రి ఏడింటికే."

"పన్నెండున్నరకు పెట్టండి," అంది డోరీన్. "ఆ రోజు కస్టర్డ్ మీకోసం పొయ్యి మీదే ఉంచుతాను."

వెనక గోడ మీద ఆమె నీడ అప్పుడే ఏప్రన్ ముడి విప్పుకుంటోంది.