నాలుగో జత, తొమ్మిదో జత

ఇరవై రెండేళ్లుగా నా పని జతలు కలపడం. పెళ్లి సంబంధాల పని కాదు, అంతకంటే విసుగు పుట్టించేది. రక్తాన్ని మూడు రోజులు వెచ్చని పెట్టెలో పెంచి, కణాలు రెండుగా చీలబోయే సమయానికి ఆపి, గాజుపలక మీద వేసి రంగు పట్టిస్తాం. తెర మీద నలభై ఆరు క్రోమోజోములు చారల చొక్కాలు వేసుకున్న పురుగుల్లా చిందరవందరగా కనిపిస్తాయి. ఒక్కొక్కదాన్నీ పట్టుకుని దాని జోడు పక్కన నిలబెట్టాలి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, అలా ఇరవై మూడు జతలు. సాయంత్రానికి కళ్లు మండుతాయి, మెడ పట్టేస్తుంది. ఇంటికెళ్లాక సాక్సులు జత చేయమంటే నా కూతురి మీద విరుచుకుపడతాను.

మా ల్యాబ్‌లో ఒక పద్ధతి ఉంది. ప్రతి విడతలోనూ రోగుల ట్యూబులతో పాటు ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తం కూడా ఒకటి పెంచుతాం. దాన్ని కంట్రోల్ అంటాం. అది బాగా పెరిగితే మా మందులూ, పెట్టె కూడా సవ్యంగా ఉన్నట్టు. తొమ్మిదేళ్లుగా ఆ రక్తం నాదే. నా కణాలు చెప్పినట్టు వింటాయి, నేనే వినను అని పాత డాక్టరుగారు ఎగతాళి చేసేవారు. కంట్రోల్ పెరిగిందా లేదా అని చూస్తాం తప్ప దాని జతలు ఎవరూ కలపరు. నాకు ఏ జబ్బూ లేదు, చక్కటి కూతురుంది, ఇంకా చూసేదేముంది? ఈ నెల కొత్తగా వచ్చిన పెద్ద డాక్టరు మాత్రం కంట్రోల్ ఇచ్చేవాళ్ల జతలు కూడా కలిపి ఫైల్లో పెట్టాలన్నారు. ఎవరిది వాళ్లు చూసుకోకూడదు కాబట్టి నాది పక్క బల్ల ఆయనకి వెళ్లింది. ఆయన్ని జోడీల మాస్టారు అంటాం. నేను చూసిన ప్రతిదాన్నీ రెండోసారి చూసి సంతకం పెట్టేది ఆయనే.

బుధవారం మధ్యాహ్నం ఆయన పిలిచారు.

"మేడమ్, మీ నాలుగో జత చూడండి."

"ఏముంది? అది ఎప్పుడూ అలాగే ఉంటుంది."

"మీది అలాగే ఉంటుంది. వేరేవాళ్లది అలా ఉండదు."

ఇంకెవరిదో తెచ్చి పక్కన పెట్టారు. నా నాలుగో జతలో ఒకదాని కొసన ఉన్న చారలు దానివి కావు, తొమ్మిదోదానివి. తొమ్మిదో జతలో ఒకదాని కొసన ఉన్నవి నాలుగోదానివి. రెండూ తోకలు మార్చుకున్నాయి. సరుకంతా ఉంది, ఏదీ పోలేదు, చోటు మారిందంతే. అందుకే నాకు ఏ జబ్బూ లేదు.

భయం వేసింది. నా గురించి కాదు, చిన్నీ గురించి.

చిన్నీ నా చెల్లెలు. పోయినేడాది, రెండో కడుపు కూడా పోయాక, దాని రక్తం మా ల్యాబ్‌కే వచ్చింది. సొంతవాళ్లవి చూడకూడదన్నది నియమం. ఇంకొకరి చేతికి ఇవ్వబుద్ధి కాక నేనే కూర్చున్నాను. నాలుగోదాని కొస కాస్త అనుమానంగానే అనిపించింది. అప్పుడు ఈ మహా అనుభవశాలి ఏం చేసింది? కంట్రోల్ పలక తీసి పోల్చి చూసింది. అచ్చం అలాగే ఉంది. కంట్రోల్‌లా ఉంటే బాగున్నట్టే కదా! "మా చెల్లిది మాస్టారూ, చూశాను, బాగుంది" అన్నాను. ఆయన నా మాట మీద సంతకం పెట్టేశారు. అక్కచెల్లెళ్లం అచ్చుగుద్దినట్టు ఉంటామని చూసినవాళ్లంతా అంటారు. నాకే తట్టలేదు.

ఆ కాగితం పట్టుకుని మా అమ్మ చిన్నీని ఏడిపించుకు తింది. రక్తం బాగుందన్నారుగా, మరి నీ అజాగ్రత్తే. అక్కకి పుట్టలేదా? నీకేమైంది? తర్వాత మూడోది కూడా పోయింది. చిన్నీ మెట్లెక్కడం మానేసింది, బకెట్ ఎత్తడం మానేసింది. పుస్తకాలకు బైండు కట్టే పని దానిది. కాగితాల కట్టలు మోయకూడదని ఇంట్లోనే బల్ల వేసుకుంది.

పాత పలక తీసి మాస్టారికి చూపించాను. ఆయన తల వంచుకున్నారు. పెద్ద డాక్టరుకి చెప్పి, మళ్లీ రక్తం తీయడానికి ట్యూబులు సంచిలో వేసుకుని చిన్నీ ఇంటికి వెళ్లాను.

చిన్నీ బల్ల దగ్గర కుడుతోంది. అమ్మ బట్టలు మడతపెడుతోంది. నేను బల్ల మీది పుస్తకం తీసుకుని మొదలుపెట్టాను.

"రెండు సంపుటాల పుస్తకం. నీ దగ్గర రెండేసి ప్రతులున్నాయి. ఒక ప్రతిలో మాత్రం మొదటిదాని చివరి పేజీల ఫారం రెండోదాంట్లో, రెండోదాంది మొదటిదాంట్లో కుట్టేశారు."

"ఒక్కోసారి నేనూ కుట్టేస్తాను. అయితే?"

"నీ అల్మరాలో ఒక్క పేజీ తక్కువ కాలేదు. కానీ బిడ్డకి ఒక్కో సంపుటం ఒక్కటే ఇవ్వాలి. ఏది వెళ్తుందో మన చేతుల్లో లేదు."

చిన్నీ నాలుగు కాగితం ముక్కలు చింపి అటూ ఇటూ జరిపింది. పనిమంతురాలు కదా, నాకంటే ముందే తేల్చేసింది.

"రెండూ మంచివి వెళ్తే గొడవ లేదు. రెండూ తప్పువే వెళ్లినా అన్ని పేజీలూ ఉంటాయి. ఒకటి మంచిది, ఒకటి తప్పుది వెళ్తేనే..."

"కొన్ని పేజీలు ఎక్కువ, కొన్ని అసలుండవు. అలాంటిది చాలాసార్లు నిలవదు. ఇంకా చిక్కులున్నాయి, అవి నిన్ను చూసే డాక్టరమ్మ చెప్తుంది. నీకు మంచి బిడ్డ పుట్టే దారి ఉంది చిన్నీ."

"అంటే కట్టలు మోసినందుకు కాదా?"

"కాదు."

"మెట్లెక్కినందుకు?"

"కాదే తల్లీ."

"మరి నీకెలా పుట్టిందే?" అంది అమ్మ.

"నాకూ అదే ఉందమ్మా. అదృష్టం కొద్దీ పుట్టింది. నేను జాగ్రత్తగా ఉండి కాదు."

అమ్మ మడతపెడుతున్న చీర ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది. "మీ ఇద్దరి మధ్యా నాకు రెండు పోయాయి. నీళ్లు మోసినందుకే అంది మా అత్త. ఇన్నేళ్లూ నేనే చంపుకున్నాననుకున్నాను."

"నీ నుంచి వచ్చిందో, నాన్న నుంచో చూస్తే గాని తెలీదమ్మా. ఎవరి నుంచి వచ్చినా నీళ్లు మోసినందుకు మాత్రం కాదు."

అమ్మ చిన్నీ వైపు చూడలేకపోయింది. నా దగ్గర ఇంకో మాట మిగిలే ఉంది. దాన్ని దాచుకుని ఇంటికి పోవచ్చు కూడా, ఎవరికీ తెలియదు. కానీ అలసిపోయాను. ఇంకొకటి మోసే ఓపిక లేదు.

"చిన్నీ, ఇది పోయినేడాదే నా కంటపడింది. నా రక్తంతో పోల్చి, ఒకేలా ఉందని, బాగుందని రాసేశాను. తప్పు నాది."

అది కాగితం ముక్కలు దగ్గరికి చేర్చి, అంచులు సమంగా తట్టింది.

"ఎన్ని నెలలైంది?"

"పద్నాలుగు."

ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. కుర్తా చెయ్యి పైకి మడిచి, మోచెయ్యి బల్ల మీద పెట్టింది. రబ్బరు పట్టీ కట్టి రక్తం తీశాను. దూది అదుముకుంటూ అంది.

"ఈసారి నువ్వు చూడకక్కా."

"సరే" అన్నాను. ట్యూబు మీద దాని పేరు రాసి, చూసేవారు అన్న చోట మాస్టారి పేరు రాశాను.