తాత చుట్టినట్టే

ఒక చుట్టు లోపలికి, మరో చుట్టు బయటికి తిప్పుతూ ముసలాయన కేబుల్‌ను ఎడమచేతి మీద వేసుకుంటున్నాడు. అలా చుడితేనే మెలిపడదు. మోచేతికి వేసి బావితాడు చుట్టినట్టు చుట్టేవాళ్లను చూస్తే ఆయనకు ఒళ్లు మండిపోతుంది. చుట్టిన ప్రతిదాన్నీ తన పాత చొక్కా పేలికతో కట్టి గోడమేకుకు తగిలిస్తాడు. చూడబోతే గది నిండా ఆయన చొక్కాలే.

వేసవి సెలవుల్లో పిల్లలకు సినిమా తీయడం నేర్పే ఈ శిబిరంలో ఆయన్ని అందరూ కేబుల్ తాత అంటారు. కెమెరాలు, మైకులు, లైట్లు ఇచ్చి పుచ్చుకోవడం ఆయన పని. చూపు మందగించింది, మోకాళ్లు మొరాయిస్తున్నాయి. ఈ రోజుతో కొలువు కూడా సరి. సాయంత్రం పిల్లల సినిమాలు వేశాక తాళంచెవి అప్పగించాలి.

ఈసారి ఆ పిల్లల్లో ఆయన కూతురి కూతురూ ఉంది. చేరిన రోజే ఒట్టు వేయించుకున్నాడు.

"ఇక్కడ నన్ను తాతయ్యా అనొద్దు. నువ్వేం చేసినా తాత చలవే అంటారు. నీ పని నీదే అనిపించుకో."

అందరిలాగే "కేబుల్ తాతగారూ" అనేది. ఇంటికొచ్చాక పగలబడి నవ్వేది.

ఆ పిల్లే ఇప్పుడు ఏడుపుమొహంతో కౌంటర్ ముందు నిలబడింది.

"కొంప మునిగింది. రికార్డింగ్ ఎర్ర బటన్ మొదట్లోనే ఒకసారి ఎక్కువ నొక్కాం. యాక్షన్ అన్నప్పుడల్లా కెమెరా ఆగింది, కట్ అన్నప్పుడల్లా తిరిగింది. ఒక్క సీనూ లేదు. కాసేపు కెమెరా ఇవ్వండి, కేబుల్ తాతగారూ."

కెమెరా ఆయన వెనక అరలోనే ఉంది. చేయి చాస్తే అందుతుంది. ప్రాణం కొట్టుకులాడింది గానీ చేయి చాచలేదు.

"నిన్నటితో షూటింగ్ గడువు అయిపోయిందమ్మా. ఎవరడిగినా ఇంతే."

"మరి నేనేం చూపించాలి?"

"ఉన్నదేదో చూసుకో. కెమెరా అయితే తిరిగిందిగా."

ఆ పిల్ల ముక్కు ఎగబీల్చి ఎడిటింగ్ గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. మధ్యాహ్నం ఆయనకు అన్నం సయించలేదు. పసిదాని ఉసురు పోసుకున్నానేమోనని ఒకటే గుంజాటన.

సాయంత్రం హాల్లో వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మనవరాలి వంతు వచ్చింది. తెరమీద కథా లేదు, కాకరకాయా లేదు. హీరోనని విర్రవీగేవాడు అట్టకత్తితో వీపు గోక్కుంటున్నాడు. దర్శకత్వం కోసం జుట్లు పట్టుకోబోయిన ఇద్దరు ఒకే బిస్కెట్ ప్యాకెట్ దగ్గర చేరారు. హీరో మీసం ఊడి టీ గ్లాసులో పడింది. హాలు హాలంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది.

ఆఖరున వరండా. అందరూ వెళ్లిపోయారు. ఆయన మనవరాలు ఒక్కతే కూర్చుని కేబుల్ చుడుతోంది. కెమెరా చూస్తోందని దానికి తెలియదు. లోపలికొక చుట్టు, బయటికొక చుట్టు. మెలిపడితే విప్పి మళ్లీ మొదలుపెట్టింది. నాలుక కొస పళ్ల మధ్య బిగించడం కూడా తాత లాగే. కట్టడానికి పేలిక దొరక్క జడ రిబ్బను లాగేసింది.

ముసలాయన ఛాతీ ఉప్పొంగింది. కళ్లు తడిశాయి. తుడుచుకోలేదు.

చప్పట్లు ఆగాక శిబిరం నడిపే మేడమ్ మైకు అందుకుంది. "అంత ఓపికగా చుట్టడం ఎవరు నేర్పారమ్మా?"

ఆ పిల్ల వెనక గోడవైపు చూసింది. చెప్పొద్దన్నట్టు ఆయన తల అడ్డంగా ఊపాడు.

"శిబిరం అయిపోయిందిగా, ఒట్టు కూడా అయిపోయింది! తాళంచెవి ఇచ్చేసి రా తాతయ్యా, ఇంటికి పోదాం" అంది మేడమ్ అందించిన మైకులోనే.

హాలంతా వెనక్కి తిరిగింది. ఎటు చూడాలో ఆయనకు తోచలేదు. తల మాత్రం దించలేదు.

తాళంచెవి మేడమ్ చేతిలో పెట్టి, మనవరాలి భుజం ఆసరాతో మెల్లగా మెట్లు దిగాడు. తాళం పడిన గదిలో ఆయన చొక్కా పేలికల నడుమ, చివరి మేకుకు ఒక కేబుల్ వేలాడుతోంది, ఒక్క మెలీ లేకుండా, ఎర్రటి జడ రిబ్బనుతో కట్టి.