సెన్యోరా షికారు

విస్కీ రుచి చూపించే సాయంత్రంలో విస్కీ పని కొంచెమే. మిగతాదంతా గ్లాసులు తుడవడం. ఆ గురువారం కూడా ఇష్బెల్ డారక్ గ్లాసులే తుడుస్తోంది. కాకపోతే తుడిచినదాన్నే మళ్ళీ తుడుస్తోంది, తుడిచి వెలుతురుకెత్తి చూసి, ఏమీ కనపడకపోయినా ఇంకోసారి తుడుస్తోంది. ఈ లెక్కన కాసేపుంటే గాజు అరిగిపోయేలా ఉంది.

ఒకప్పుడు పీపాలు బిగించిన పాత కొట్టది. ఇప్పుడు మధ్యలో పొడుగాటి బల్ల, గోడన పొయ్యి, కిటికీలోంచి పోర్ట్ కెల్లన్ రేవు. పొయ్యిలో, బురదనేల తవ్వి ఎండబెట్టిన పీట్ గడ్డలు నెమ్మదిగా రాజుతున్నాయి. పొగబెట్టిన హాడక్ చేప పాలల్లో, బంగాళాదుంపల్లో ఉడుకుతోంది. ఆయిస్టర్ గుల్లలు మంచుమీద నోళ్ళు బిగించుకుని కూర్చున్నాయి. దుప్పి మాంసం పొయ్యి అంచున సెగ కాగుతోంది. గ్లాస్గో నుంచి ఒక కుటుంబం, ముగ్గురు, ఈ సాయంత్రమంతా తమకే కావాలని మాట్లాడుకున్నారు. వండి వడ్డించడం, పోసి చెప్పడం, నవ్వించి పంపడం ఇష్బెల్ పని.

పక్క గోదాము తలుపు కిర్రుమంది. సెన్యోరా షికారుకు బయల్దేరింది.

పేరుకి దొరసాని గానీ సెన్యోరా అంటే మనిషి కాదు, పీపా. ఎండదేశంలోని హెరెజ్ నుంచి షెర్రీ వైను మోసుకుంటూ ఓడెక్కి వచ్చిన పెద్ద ఓక్ పీపా. షెర్రీ ఖాళీ చేసి దాన్నిండా విస్కీ పోశారు గానీ దానికి కుదురు మాత్రం పొయ్యలేకపోయారు. రోజూ సాయంత్రమయ్యేసరికి దొర్లుకుంటూ బయటికొస్తుంది. వాలు దిగి, చర్చి మలుపు తిరిగి, రేవు చివరిదాకా వెళ్ళి, సముద్రంవైపు కాసేపు చూసి వెనక్కొస్తుంది. మొదట్లో కింద చెక్కముక్కలు దోపి ఆపారట. అలిగింది. లోపలి విస్కీ పుల్లబడింది. చెక్కలు తీసేశారు, రుచి తిరిగొచ్చింది. అప్పట్నుంచీ ఊళ్ళో దాని జోలికెవరూ పోరు. లారీవాళ్ళు గొర్రెలమందకి ఆగినట్టే దానికీ ఆగుతారు. ఎక్కడ ఆగినా మూత పైకి వచ్చేలా ఆగడం దాని మర్యాద.

ఇష్బెల్ కిటికీలోంచి దాన్ని చూసింది. ఈమధ్య అది రేవు చివరికి చేరేదాకా ఆమె చూపు తిప్పుకోవట్లేదు.

సంగతేమిటంటే, ఆ పీపా పుట్టిన ఊరినుంచే ఆదివారంనాడు ఫోనొచ్చింది. అక్కడి షెర్రీ కొట్టు యజమానురాలు పోయిన వేసవిలో ఈ బల్ల దగ్గరే కూర్చుని తిని తాగి వెళ్ళింది. ఏడాదిపాటు వచ్చి మా దగ్గర పని నేర్చుకుంటావా, సోమవారంలోగా చెప్పు, అంది. ఇష్బెల్ అవుననలేదు, కాదనలేదు. ఎవరికీ చెప్పనూ లేదు. ఐలా దీవిలో ఒకరికి చెప్పడమంటే మైకులో చెప్పడమే. చెప్పాల్సింది అసలు ఒక్కడికే, ఫిన్లేకి.

ఫిన్లే మెకెకర్న్ పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. మంచివాడు. మాట తక్కువ, చెయ్యి సాయం ఎక్కువ. వాళ్ళిద్దరి పెళ్ళి ఎప్పుడా అని ఊరంతా చూస్తోంది, ఇష్బెల్ తప్ప. అతన్ని వద్దనడానికి ఆమె చాలా రాత్రులు కారణం వెతికింది. ఒక్కటీ దొరకలేదు. తాగుబోతైనా బాగుండును, కనీసం గురక పెట్టినా బాగుండును. ఇంత మంచివాణ్ణి ఏమని కాదంటుంది?

గ్లాస్గో కుటుంబం వచ్చినట్టుంది, తలుపు చప్పుడైంది. తీసి చూస్తే ఫిన్లే. తల దువ్వుకున్నాడు. అది చాలదన్నట్టు వాళ్ళ నాన్నది, పెళ్ళిళ్ళకి కట్టే గళ్ళ కిల్ట్, మోకాళ్ళదాకా కట్టుకున్నాడు. గురువారంనాడు కిల్ట్. వెనకే వాళ్ళమ్మ ఎఫీ, చంకలో పెద్ద సంచీ పట్టుకుని. ఆమె వెనక ఆమె తమ్ముడు లాక్లన్, ఎక్సైజు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, బూట్లు తళతళలాడిస్తూ.

"గ్లాస్గోవాళ్ళు మేమే," అన్నాడు ఫిన్లే, చెవులు ఎర్రబడుతుంటే. "పెద్దమ్మ కూతురి పేరుమీద మాట్లాడించాను."

ఇష్బెల్‌కి ఆ క్షణాన సాయంత్రం మొత్తం కళ్ళముందు కనపడింది. చివర్లో రెండు చెవుల గిన్నె ఉంటుంది కదా. ఈ విందులన్నీ దానితోనే ముగుస్తాయి. సెన్యోరా విస్కీ గిన్నెలో పోసి, రెండు చెవులూ రెండు చేతుల్తో పట్టి ఇవ్వాలి. పుచ్చుకునేవాళ్ళూ రెండు చేతుల్తోనే పుచ్చుకోవాలి. చేతులు రెండూ గిన్నెమీద ఉంటే కత్తిమీద ఉండవని పాతకాలం భరోసా. గిన్నె బల్లంతా తిరిగి చివరి మనిషి చేతుల్లోంచి వడ్డించినామె చేతికే వస్తుంది, అడుగున మిగిలింది ఆమె తాగాలి. బయటివాళ్ళతో అయితే అది ఉత్త ఆట. కానీ పోర్ట్ కెల్లన్‌లో ఒక కుర్రాడు తనవాళ్ళ ఎదుట గిన్నె అందిస్తే, అమ్మాయి రెండు చేతులా అందుకుంటే, మాట ఇచ్చినట్టే. ఆ తర్వాత చర్చిలో జరిగేదంతా కాగితాల పని.

ఆమె మొదట చేసిన పని, ఫిన్లేని తన ఎడమపక్క కుర్చీలో కూర్చోబెట్టడం. గిన్నె ప్రదక్షిణంగా తిరుగుతుంది గనుక అక్కడైతే ముందు అతనికే వెళ్ళి, చివరికి లాక్లన్ దగ్గర తేలుతుంది. లాక్లన్ గిన్నె ఇస్తే ఎవరికీ ప్రమాదం లేదు. ఆమె చేపల సూప్ తేవడానికి వెళ్ళి వచ్చేసరికి ఫిన్లే కుడిపక్క కూర్చుని ఉన్నాడు. కిటికీలోంచి గాలి కొడుతోందట. పుట్టినప్పట్నుంచీ ఆ గాలిలో పడవలెక్కినవాడికి ఇవాళ గాలి కొట్టింది. పోనీ ఈసారికి గిన్నెని అటునుంచి తిప్పితే ఏం, కొత్తగా ఉంటుంది కదా, అని ఆమె మాటవరసకి అంది. లాక్లన్ చెంచా కింద పెట్టేశాడు. సూర్యుడికి ఎదురుతిప్పడమేంటి, ఈ ఇంట్లో ఎవరైనా చచ్చారా, అన్నాడు.

సూప్‌తో ఆమె తీపి లేని షెర్రీ పోసింది. హెరెజ్‌లో ద్రాక్షతోటల మట్టి తెల్లగా సుద్దలా ఉంటుందని, వానొస్తే ఆ నీటిని పీల్చి దాచుకుని ఎండాకాలమంతా తీగలకి కొంచెం కొంచెంగా ఇస్తుందని, కొట్టులో పీపాలు మెట్లుమెట్లుగా పేర్చి పాతదాంట్లో కొత్తది కలుపుతూ పోతారని చెప్పింది. ఇవన్నీ ఎప్పుడూ చెప్పేవే. ఇవాళ చెబుతూ చెబుతూ గరిటె పట్టుకుని నిలబడిపోయింది.

ఎఫీ ఆమెని చూస్తోంది. "వాన ఎప్పుడో గాని పడదంటావ్ ఆ ఊళ్ళో?"

"అవును ఎఫీ అత్తా."

"మరి అక్కడి జనం దేనిగురించి మాట్లాడుకుంటారే?"

అందరూ నవ్వారు. ఇష్బెల్ కూడా నవ్వి, ఆయిస్టర్లు తెరవడానికి వెళ్ళి, కత్తి ఇక్కడే మర్చిపోయి వచ్చి, కత్తి తీసుకుని వెళ్ళి, మళ్ళీ నిమ్మకాయ కోసం వచ్చింది. ఆయిస్టర్లమీద పొగవాసన విస్కీ చుక్కలు వేసి తినిపించింది. దుప్పి మాంసంతో ఎర్ర వైను పోసి దాని ఊరూ పేరూ తాతముత్తాతల సంగతులూ చెప్పింది. ఎవరూ అడక్కపోయినా మాంసం రెండోసారి వడ్డించింది. విస్కీలో నీళ్ళచుక్క ఎందుకెయ్యాలో అరగంట చెప్పింది, ఎక్సైజు ఆఫీసరుకీ ఐలా ఇల్లాలికీ. సాయంత్రం ఎంత సాగదీస్తే అంత సాగుతుందని ఆమె ఆశ. ఎఫీ చివరికి అననే అంది: ఈ పిల్ల మనకి వడ్డిస్తోందా, మననుంచి పారిపోతోందా, ఒక్కచోట నిలబడితే చూసి చెబుదును.

క్రానకన్ గ్లాసులు కూడా ఖాళీ అయ్యాయి. కోరిందపళ్ళూ మీగడా వేయించిన ఓట్లూ అన్నీ అయిపోయాక లాక్లన్ మీసం తుడుచుకుని, "ఇక గిన్నె తేవొచ్చు," అన్నాడు.

సెన్యోరా ఇంకా రాలేదని ఇష్బెల్ చెప్పింది. చెప్పేటప్పుడు గొంతులో సంతోషం దాచుకోలేకపోయింది. పీపా రాకపోతే గిన్నె లేదు. లాక్లన్ కిటికీ దగ్గరికెళ్ళి చూశాడు, గోదాము దాటి పీపా కదలకూడదన్న రూలు తన ఉద్యోగమంతా కాపాడినవాడు కదా. కాపాడడమంటే, రోజూ సాయంత్రం అది వెళ్ళేవేళకి కిటికీకి వీపు తిప్పి నిలబడేవాడు. పైవాళ్ళు ఫోన్ చేసి పీపా లోపలే ఉందా అంటే, పొద్దున ఉంది, రాత్రికీ ఉంటుంది, అనేవాడు. మధ్యలో సంగతి వాళ్ళడగలేదు.

ఆయన కిటికీ దగ్గరుండగానే వాలుమీద గడగడ వినిపించింది. చర్చి మలుపు తిరిగి, ఎవరో తరుముతున్నట్టు ఎక్కి వస్తోంది. ఇన్నాళ్ళలో ఎప్పుడూ గోదాముకే వెళ్ళేది, ఇవాళ తిన్నగా కొట్టు తలుపులోంచి లోపలికొచ్చేసింది. ఒళ్ళంతా ఉప్పుతడి. బల్లపక్కకొచ్చి ఆగింది, మూత పైకి ఉంచుకుని. ఎఫీ తన సంచీ కొంచెం జరిపి దారిచ్చింది.

ఇక తప్పదు. ఇష్బెల్ మూత తీసి, రాగిగొట్టం దించి, విస్కీ పైకి లాగి గిన్నెలో వదిలింది. పీపా మాత్రం ఇంకా అటూ ఇటూ ఊగుతోంది. నేల రేవువైపు వాలుంది మరి. లాక్లన్ తళతళలాడే బూటు దానికి అడ్డంపెట్టాడు. ఇష్బెల్ గిన్నెని రెండు చేతుల్తో ఎఫీకిచ్చింది. ఎఫీ "స్లాంజ" అని ఒక గుటక వేసి తమ్ముడికిచ్చింది. తాగేటప్పుడు లేచి నిలబడాలని లాక్లన్ నియమం. లేచాడు. బూటు తొలగింది. పీపా ఎఫీ మోకాళ్ళవైపు కదిలింది. ఇష్బెల్ చప్పున వంగి కుడిచెయ్యి దానిమీద వేసి ఆపింది.

గిన్నె ఫిన్లే చేతికొచ్చింది. అతను తాగాడు. లేచి, కిల్ట్ సర్దుకుని, రెండు చేతులా గిన్నె పట్టుకుని ఆమె ఎదుటికొచ్చాడు.

"నాకు మాటలు రావు, నీకు తెలుసుగా," అన్నాడు. "అందుకే ఇది పట్టుకొచ్చాను. తీసుకో, ఇష్బెల్."

ఆమె ఎడమచెయ్యి చాచింది. కుడిచెయ్యి పీపామీదే ఉంది. దాని లోపల విస్కీ అలల్లా కొట్టుకోవడం అరచేతికి తెలుస్తోంది. ఫిన్లే ఆగాడు. చెయ్యి ఖాళీ లేదు, అంతే కదా. ఆగుతాడు, అతనికి ఓపిక ఎక్కువ. లాక్లన్ అయ్యో అంటూ బూటు ముందుకు చాచబోయాడు.

అప్పుడు పీపా ఆగిపోయింది. ఎవరూ ఆపలేదు, తనంతట తనే. లోపలి అలలు సద్దుమణిగాయి. హెరెజ్ వదిలాక మొట్టమొదటిసారి అది లోపలా బయటా కదలకుండా ఉంది. రాయి కూడా అంత నిమ్మళంగా ఉండదు. ఇప్పుడు దాన్ని పట్టుకోవాల్సిన పని లేదని ఆ గదిలో అందరికీ కనపడుతోంది.

ఇష్బెల్ చెయ్యి తియ్యలేదు.

"కూర్చో, లాక్లన్," అంది ఎఫీ మెల్లిగా. ఆయన కాలు వెనక్కి తీసుకుని కూర్చున్నాడు.

పొయ్యిలో పీట్ గడ్డ ఒకటి విరిగి పడింది. ఫిన్లే పీపాని చూశాడు, ఆ చేతిని చూశాడు, మళ్ళీ పీపాని చూశాడు. ఇంజన్లు బాగుచేసేవాడికి ఏది కదులుతుందో ఏది కదలట్లేదో ఒకరు చెప్పక్కర్లేదు.

"ఆగింది అది," అన్నాడు.

"తెలుసు," అంది ఇష్బెల్. "హెరెజ్‌కి పిలిచారు నన్ను. ఏడాది. వెళ్తున్నా, ఫిన్లే," అంది. ఆ మాట పైకి అనడం అదే మొదలు. అన్నాక తెలిసింది, తనకి కారణం అక్కర్లేదని. ఇన్నాళ్ళూ అతనిలో తప్పు వెతుకుతూ అతని టైమూ తన నిద్రా పాడుచేసింది.

ఫిన్లే తన కుడిచేతిని గిన్నె చెవినుంచి తీసి కిల్ట్‌కి తుడుచుకున్నాడు. ఆ చెవిని ఇష్బెల్ ఎడమచేత్తో పట్టుకుంది. ఇప్పుడు గిన్నెకి అటొక చెయ్యి, ఇటొక చెయ్యి. నీళ్ళబాల్చీని చెరోపక్కా పట్టి మోసేవాళ్ళలా ఇద్దరూ నిలబడ్డారు. అతను కాస్త వంచాడు, ఆమె తాగింది. సగం గడ్డంమీద కారింది. ఆమె నవ్వబోయి ఏడ్చింది, ఏడవబోయి దగ్గింది.

"ఎప్పుడు?" అన్నాడతను.

"నెలాఖరుకి."

"నువ్వెక్కే పడవ ఇంజన్ నేనోసారి చూస్తాలే. ఈమధ్య సరిగ్గా లేదు."

లాక్లన్ ఏదో అడగబోయాడు. గిన్నె తిరిగింది, కానీ తిరిగినట్టా, తిరగనట్టా? ఎఫీ ఆయన గ్లాసులోకి మిగిలిన ఎర్ర వైను వంపి ఆ నోటికి పని చెప్పింది. తర్వాత సంచీ విప్పింది. లోపలినుంచి ఒక శాలువా తీసింది, ఊదా పూలరంగు ఉన్ని, అంచుకి ఇంకా సూది వేలాడుతోంది. కోడలికని అల్లుతోందని చూస్తేనే తెలుస్తుంది. ఇష్బెల్ ఒక అడుగు వెనక్కేసింది.

"వద్దు ఎఫీ అత్తా. అక్కడంతా ఎండేనట."

ఎఫీ పళ్ళతో దారం తెంపి, సూది తన జాకెట్టుకి గుచ్చుకుంది. శాలువా ఇష్బెల్ భుజాలమీద కప్పి, మెడ దగ్గర కొంచెం గట్టిగానే లాగి ముడేసింది.

"రాత్రిళ్ళు ఎక్కడైనా చలే," అంది.