తిరిగివచ్చే తేదీ అడగని ఫారం

వెబ్‌సైట్ విషయమై జరిగిన సమావేశానికి హాజరైనవారు, వచ్చిన వరుసలో: పోర్టు ట్రాఫిక్ విభాగంలో పదవీ విరమణ చేసి, బోట్ల సంఘానికి గౌరవ కార్యదర్శిగా ఉన్న నేను (గురునాథరావు), బోటు నడిపే సరంగు నూకాలు, చేపలమ్మే కాసులమ్మ, ఆమె కుమార్తె సుధారాణి; నలభై నిమిషాల ఆలస్యంగా మా వెబ్‌సైట్ తయారుచేసిన కంపెనీ ప్రతినిధి ఉమామహేష్.

కంపెనీ మాకు ఒక కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అమర్చింది. కోడ్ రానివారు సైతం వార్తలూ పట్టికలూ పెట్టుకోగల ఏర్పాటు అది. వేటకు వెళ్ళిన బోటు వేళకు రాకపోతే కబురు చేసేందుకు అందులోనే ఒక ఫారం చేర్చింది. తిరిగివచ్చే తేదీ నింపనిదే ఆ ఫారం ముందుకు కదలదు. దానిని ఆమోదించినవాడిని నేనే. బయలుదేరేవాణ్ణి ఎప్పుడొస్తావని అడగడం జాలరి ఇళ్ళలో అశుభమని, గోదావరి వైపు నుంచి వచ్చిన నాకు తెలియదు. సరంగులందరూ బయలుదేరిన తేదీనే అక్కడా వేసి ఊరుకున్నారు. మర్నాటి ఉదయానికి ముప్పై ఒక్క బోట్లు గల్లంతైనట్లు వెబ్‌సైట్ ప్రకటించింది.

కూర్మన్నపాలెంలో ఒక చిన్న ఆఫీసులో కోడ్ రాసే సుధారాణి అప్పుడు ఒక మాడ్యూల్ నిర్మించింది. సిస్టమ్ మూలాన్ని ముట్టకుండా పక్కన తగిలించే విడిభాగం అది. తేదీ అడగదు. ఎన్ని ఐసు దిమ్మలు ఎక్కించారని అడిగి, అవి ఎన్నాళ్ళు వస్తాయో తానే లెక్కగట్టి, ఆ గడువు దాటితే కబురు చేస్తుంది. గత నెల ఇంజన్ ఆగిపోయిన నూకాలు బోటును వెతికించింది ఆ లెక్కే.

“సిస్టమ్‌ని కొత్త వెర్షన్‌కి అప్‌డేట్ చేయాలంటే బయటివాళ్ళ మాడ్యూల్ తీసెయ్యాలి సార్. ఉంచితే సైట్ పడిపోతుంది, మా బాధ్యత కాదు,” అన్నాడు ఉమామహేష్ నిలబడే.

“బయటోలెవులు బాబూ? నా కూతురు మాకు బయటిదేటి?” అంది కాసులమ్మ.

నూకాలు నవ్వాడు. “ఎప్పుడొత్తావని మా ఇంటిది కూడా అడగదు. నీ కంపెనీ అడుగుతాదేటి బావా?”

“రూల్ సార్,” అన్నాడు ఉమామహేష్ నా వైపు తిరిగి.

“ముప్పై నాలుగేళ్ళు రూల్స్ అమలు చేసినవాడిని. ఈ రూల్ ఎక్కడ రాసి ఉందో చూపించండి.”

అతను ఫోనులో మా ఒప్పందం చివరిదాకా తిప్పి, దొరక్క పక్కన పెట్టాడు.

“అయితే తీయము,” అన్నాను. “మీరు అప్‌డేట్ మానుకుంటే మానుకోండి.”

సుధారాణి ల్యాప్‌టాప్ అతని ముందుకు తిప్పింది. “ఇది మన సైట్‌కి నకలండి. మీ చేత్తోనే అప్‌డేట్ కొట్టండి. పడిపోతే నానే తీసేత్తాను.”

అతను నొక్కాడు. కాసులమ్మ కొంగు పిడికిట్లో బిగించింది. సైట్ నిలిచింది. మాడ్యూల్ నిలిచింది. మాయమైనది కంపెనీ ఫారం. మూలం లోపలే రాసినందున కొత్త వెర్షన్ దానిని తుడిచేసింది.

“పోయింది ఎవులిదే?” అని కూతుర్ని అడిగింది కాసులమ్మ.

“ఆల కంపెనీదేనే అమ్మా.”

“కోడ్ ఒకసారి చూపిస్తారా మేడమ్?” అన్నాడు ఉమామహేష్, ఈసారి కూర్చుని.

నేను ఆమోదించిన తప్పును అడగకుండానే సరిదిద్ది, జంకక తన పనిని అందరి ఎదుట పరీక్షకు నిలిపినది కాసులమ్మ కుమార్తె సుధారాణి అని సంఘం తరఫున ఇందుమూలంగా గుర్తిస్తున్నాను.